తోడు చెట్లు

పోయిన వారం మనం రిజిస్ట్రార్ గారి గదిలో చాలా ఇబ్బందికరమైన చోట ఆగిపోయాం. యూనివర్సిటీ కొత్త లైబ్రరీ భవనాన్ని గీసి కట్టించిన ఆర్కిటెక్టు, అదే, సైటులో అందరూ స్కేలు మేడమ్ అని పిలుచుకునే మన మనిషి, "కట్టడంలో తప్పు లేదండీ. చెట్ల లెక్క తప్పింది. ఆ లెక్క నాది కాదు" అని అప్పుడే అంది. ఆ మాట నోట్లో ఉండగానే తలుపు తోసుకుని వచ్చిన మనిషి ఆ చెట్ల లెక్క వేసినవాడే. క్యాంపస్‌లో మొక్కలు, దారులు, వాన నీటి కుంట, అన్నీ అతని చేతి పనే కాబట్టి చెట్లాయన అంటారు. కాగితాల ప్రకారం ఇప్పటికీ ఆమె భర్త. మూడేళ్ల కిందట, భవనం ఇంకా సగం గోడల్లో ఉండగా, ఒక పొద్దున సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయి, ఎక్కడో దూరాన పార్కులు వేసే ఉద్యోగంలో చేరాడు. ఎందుకు వెళ్లాడో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. ఇన్ని వారాలుగా అతని మీద కారాలు మిరియాలు నూరుతూ నాకు ఉత్తరాలు రాస్తున్నవాళ్లు ఈ ఒక్క వారం ఆ రోలు పక్కన పెట్టండి. మనిషి వచ్చాడు కదా, ఏమంటాడో విందాం.

ఏమీ అనలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రిజిస్ట్రార్ గారు మంచివారే కానీ కమిటీ మాటెత్తితే నీళ్లు నములుతారు. కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశారు.

"చూడండి. హాలు కాలిపోతోందని పిల్లలు గోల. ఏసీలు అక్కర్లేని భవనమని మనం ఊరంతా చెప్పుకున్నాం. ఇప్పుడు కమిటీ ఏమంటోందంటే, పడమటి కిటికీలు ఇటుకలతో మూసేసి, ఆ బయట ఉన్న మొక్కల వరస పీకేసి, అక్కడ ఏసీల మిషన్లు పెట్టేద్దాం అంటోంది. రేపు పొద్దున మేస్త్రీలు వస్తారు. మీరిద్దరూ ఒకసారి హాలు చూసి, ఆఫీసు మూసేలోపు నాకేదైనా దారి చెప్పండి. లేకపోతే నా చేతుల్లో ఏమీ లేదు."

"సరేనండీ. మీరు పదండి" అన్నాడు చెట్లాయన ఆమెతో.

"మీరు ముందు నడవండి" అంది ఆమె.

పనివేళల్లో నలుగురి ముందు ఒకరినొకరు మీరు అనుకోవడం వాళ్లకు మొదటినుంచీ ఉన్న అలవాటు. ఆ రోజుల్లో అది వాళ్లకు సరదా ఆట. వరండా మలుపు తిరగ్గానే నువ్వులోకి దిగి నవ్వుకునేవాళ్లు. ఇవాళ మలుపు తిరిగారు, మెట్లు దిగారు, ఎండలో సగం దూరం నడిచారు. ఇద్దరిలో ఎవరూ ఏమీ అనలేదు.

ఆమె వెనక నడుస్తూ అతన్ని చూసింది. చూడకూడదని అనుకుంది గానీ కళ్లు మన మాట వింటాయా? మెడ వెనక ఎండకు కమిలి మరింత నల్లబడ్డాడు. చొక్కా జేబులో పెన్సిలు అలాగే ఉంది. జేబు కింద చిరుగు కుట్టి ఉంది, వంకరగా, పెద్ద పెద్ద కుట్లతో. అతనే కుట్టుకున్నాడని ఆ కుట్టే చెబుతోంది. అది చూసి ఆమెకు ఎంత హాయి కలిగిందో, ఆ హాయికి తన మీద తనకే అంత ఒళ్లు మండింది.

సంచిలో ఫోను మోగింది. అత్తగారు.

ఈ అత్తగారి గురించి మీకు తెలుసు. కొడుకు ఇల్లు వదిలి వెళ్లిన వారానికి ఒక పెట్టెతో క్వార్టర్స్‌లో దిగి, "వాడు పోతే నువ్వు నా కోడలివి కాకుండా పోతావా అమ్మాయ్" అని ముందు గదిలో మంచం వేయించుకున్న మనిషి. అప్పటి నుంచి కోడలికి జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ ఆవిడే, కుళాయి బాగుచేసేవాడితో పోట్లాట ఆవిడే, ఆదివారం పొద్దున కోడలి తలకు నూనె రాసే చెయ్యీ ఆవిడదే. కన్నతల్లి చిన్నప్పుడే పోయిన స్కేలు మేడమ్‌కు ఆ ఇంట్లో వెలుగంటూ ఉంటే అది ఆవిడే.

"వాడొచ్చాడటగా" అంది అత్తగారు. క్యాంపస్‌లో వార్తలకు కాళ్లుంటాయి.

"వచ్చాడత్తయ్యా."

"ఏమన్నా చెప్పాడా?"

"ఏం చెప్పాలి?"

"ఏం లేదులే. ఎండలో తిరక్కు" అని పెట్టేసింది.

మూడేళ్ల తరవాత కొడుకు ఊళ్లోకి వస్తే ఏ తల్లైనా ఎలా ఉన్నాడు, చిక్కాడా, తిన్నాడా అని కదా అడుగుతుంది. అత్తగారు అదేదీ అడగలేదు. ఆ సంగతి స్కేలు మేడమ్‌కు అప్పుడు తట్టలేదు. మీరు మాత్రం గుర్తు పెట్టుకోండి.

రీడింగ్ హాలులోకి అడుగు పెట్టగానే అతను అరచేతిని గోడకు ఆనించాడు. మట్టి ఇటుకల మందపాటి గోడ. అచ్చులోంచి మొదటి ఇటుక తీసిన రోజు కూడా ఇలాగే చెయ్యి ఆనించి, వీపు తట్టినట్టు తట్టాడు. తూర్పు సగం చల్లగానే ఉంది. పైన కప్పు దగ్గర వేడిగాలి బయటికి పోవడానికి పెట్టిన కంతలు వాటి పని అవి చేస్తున్నాయి. పిల్లలందరూ బల్లలు ఈడ్చుకుని ఆ సగంలోనే ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలేలా కూర్చున్నారు. పడమటి సగంలో నేల మీద ఎండ, ఖాళీ కుర్చీలు. నిలువెత్తు కిటికీల అద్దాలకు ఎవరో పాత పేపర్లు అంటించారు. ఆమె వెళ్లి ఒక పేపరు పీకి చేతిలో నలిపేసింది.

ఎందుకంటే ఆ కిటికీలు ఉత్త కిటికీలు కావు. ఇంకా పునాది కూడా తవ్వని రోజుల్లో ఈ ఖాళీ జాగాలో ఇద్దరూ సాయంత్రాలు కూర్చుని పొద్దు ఎటు దిగుతుందో చూసేవాళ్లు. చదువుకునేవాడు తలెత్తితే ఆకుల్లోంచి పొద్దుగుంకడం కనిపించాలని అతను అన్నాడు. అంత పెద్ద కిటికీ పడమర పెడితే హాలు పెనం అవుతుందని ఆమె అంది. ఆకుల సంగతి నాకొదిలెయ్ అన్నాడు. వదిలేసింది. వాళ్లకు పిల్లలు లేరు, సొంత ఇల్లు లేదు. ఇద్దరిదీ అని చెప్పుకోవడానికి ఈ భూమ్మీద ఉన్నవి ఆ కిటికీలూ, వాటి బయట ఉన్న ఆ మొక్కలూ. రేపు మేస్త్రీలు వచ్చి అవి మూసేస్తే ఇక ఏమీ మిగలదు. ఆమె నిద్ర చెడగొట్టుకుంటున్నది ఉద్యోగం కోసమో పేరు కోసమో అని కమిటీ అనుకుంటోంది. అనుకోనీ.

"డ్రాయింగ్‌లో చెట్లు అంత పెద్దవి ఎందుకు గీశావు?" అంది.

మూడేళ్ల తరవాత మొగుడితో నువ్వు అని మాట్లాడిన మొదటి మాట అది. దాన్ని కూడా గుసగుసగా అనాల్సి వచ్చింది. లైబ్రరీ కదా.

"ఎదిగాక అంతే ఉంటాయి" అన్నాడు, అతనూ గుసగుసగానే.

"ఎదిగాక అంటే?"

"మనిద్దరికీ జుట్టు నెరిసేసరికి."

"నేను ఆ నీడను లెక్కలో వేసుకున్నాను. ఆ గీసిన చెట్టు నీడ ఈ అద్దాల మీద పడుతుందని నమ్మి కిటికీలు ఇంత పెట్టాను."

"తెలుసు."

"తెలిసీ చెప్పలేదు."

"డ్రాయింగ్‌లో చెట్టును ఎదిగినట్టే గీస్తారు. అందరూ అంతే. నువ్వు గీసిన భవనం పక్కన పుల్లలు గీస్తే ఏ కమిటీ డబ్బిస్తుంది? అది నీకు తెలీనిదా?"

"తెలుసు. ఎదిగేలోపు నువ్వు ఏదో ఒకటి చేస్తావనుకున్నా."

"చేశాను."

"ఏం చేశావు? సంచి సర్దుకున్నావు."

అతని ముఖం మాడిపోయింది. పోట్లాటకు కూడా కాస్త గొంతు కావాలి. గుసగుసల్లో పోట్లాడితే ఆవిరి బయటికి పోదు, లోపలే ఉడుకుతుంది. ఇద్దరి పెదాలూ వణుకుతున్నాయి, చేతులు గాలిలో తిరుగుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. తూర్పు సగంలో పిల్లలు పుస్తకాలు వదిలేసి మూగ నాటకం చూస్తున్నట్టు చూస్తున్నారు. కౌంటరు దగ్గరి లైబ్రేరియన్ చప్పుడు చేయకుండా వచ్చి, పెదవి మీద వేలు పెట్టుకుని, రెండో చేత్తో తలుపు చూపించింది.

కట్టినవాళ్లను భవనంలోంచి గెంటేయడం ఆవిడకు ఎలా ఉందో గానీ, వాళ్లిద్దరూ మాత్రం బడిలో దొరికిపోయిన పిల్లల్లా తలలు వంచుకుని బయటికి నడిచారు. గుమ్మం దాటాక అతనికి నవ్వొచ్చింది. ఆమెకు కూడా రాబోయింది. పళ్లు బిగపట్టి ఆపుకుంది.

పడమటి గోడ వెంట మొక్కల వరస. పెంచితే వందేళ్లు నిలబడే జాతి, అందుకే పెరగడానికి బద్ధకం. ఆకులు ముదురు పచ్చగా, కాండం బలంగా, ఎత్తు మాత్రం ఆమె భుజం దాకా. అతను ఒక్కో మొక్క దగ్గరా ఆగి ఆకు వెనక్కి తిప్పి చూసుకుంటూ నడిచాడు. సగం వరస దాటాక ఆగి వెనక్కి చూశాడు. మళ్లీ ముందుకు చూశాడు.

"ఏవీ?" అన్నాడు.

"ఏవి?"

"మధ్యలోవి."

ఆమె చూపు మొక్కల మధ్య గడ్డి మీదికి పోయింది.

"ప్రతి రెండు మొక్కల మధ్యా ఇంకొకటి పెట్టాను కదా. సన్నగా, పొడుగ్గా, తొందరగా పెరిగేవి. తోడు చెట్లు అంటాం మేం. బద్ధకం చెట్టు ఎదిగేదాకా నీడ అవి ఇస్తాయి. గాలి దెబ్బ కాస్తాయి, నేల ఎండిపోకుండా చూస్తాయి. అసలు చెట్టు పెద్దదయ్యాక వాటిని తీసేస్తాం. తీసేసేవే కాబట్టి డ్రాయింగ్‌లో వెయ్యం. ఈ పాటికి కిటికీ పైదాకా వచ్చి ఉండాలి. ఏమయ్యాయి? తెగులు తగిలిందా?"

"కొట్టించాను" అంది ఆమె.

అతను అర్థం కానట్టు చూశాడు.

"నువ్వెళ్లాక వచ్చిన వానల్లో బాగా ఎదిగాయి. డ్రాయింగ్ పట్టుకుని వచ్చి చూశాను. అవి అందులో లేవు. పిచ్చిమొక్కలు, తీసెయ్యమని చెప్పాను."

"పిచ్చిమొక్కలు సమానమైన దూరంలో, వరస తప్పకుండా మొలుస్తాయా, స్కేలూ?"

ఆ పేరు ముందు పెట్టింది అతనే. సైటులో మిగతావాళ్లకు తరవాత అంటుకుంది. అతని నోట ఆ పేరు విని ఎన్నాళ్లయిందో. దాంతో ఆమె లోపల ఇన్నాళ్లూ మూతి బిగించి ఉంచిన మూట విడిపోయింది.

"మొలవవు. నాకు తెలుసు. దూరం కొలిచాను కూడా. అన్నీ సమానంగా ఉన్నాయి. నువ్వే పెట్టావని ఆ క్షణమే తెలిసింది. ఎందుకు పెట్టావో తెలీదు, నాకు చెప్పలేదు. చెప్పకుండా పెట్టావు, చెప్పకుండా వెళ్లావు. నువ్వు లేవు, నీవి మాత్రం రోజూ బెత్తెడు బెత్తెడు పెరుగుతున్నాయి. నేను పనికి రాగానే అవి ఎదురొస్తాయి. చూడలేకపోయాను. డ్రాయింగ్‌లో లేవన్నది మిగతావాళ్లకు చెప్పిన మాట. అవి నీవి, అందుకే కొట్టించాను."

ఇంత మాట ఆమె అత్తగారికి కూడా ఎప్పుడూ చెప్పలేదు. తనకు తాను చెప్పుకోలేదు. రిజిస్ట్రార్ గారి ముందు ఇందాక ఎంత ధీమాగా అంది, చెట్ల లెక్క నాది కాదని.

అతను కోప్పడతాడని ఎదురు చూసింది. కోప్పడితే బాగుండు అనుకుంది. అతను నేల మీద గొంతుక్కూర్చుని రెండు మొక్కల మధ్య గడ్డిని చేతులతో పాయలు తీశాడు. ఒక చోట ఆగాడు. మట్టికి సమానంగా నరికేసిన మోడు, మణికట్టు లావున. దాని చుట్టూ చిన్న చిన్న పిలకలు, నెత్తిన కోసేసినట్టు ఒకే ఎత్తులో.

"చావలేదు" అన్నాడు.

ఇంకో చోట గడ్డి తీశాడు. అక్కడా అంతే. లేచి, పరుగులాంటి నడకతో వరస చివరిదాకా వెళ్లి చూసి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. మనిషి అసలు మారలేదు. ఇల్లు కాలుతున్నా ఏదో ఒక మూల చిగురు కనిపిస్తే చాలు ఇతనికి.

"గడ్డి మిషను ప్రతిసారీ పిలకల్ని కోసేస్తోంది. అయినా మళ్లీ లేస్తున్నాయి. వేళ్లు బలంగా ఉన్నాయి. మోడుకు ఒక మంచి పిలక ఉంచి మిగతావి తుంచేసి, మిషను ఇటు రాకుండా ఆపితే, కొత్త మొక్క కన్నా తొందరగా లేస్తాయి. వచ్చే ఎండాకాలానికి సగం కిటికీ కప్పుతాయి. ఆపై ఏటికి పూర్తిగా. ఈలోపు బయట వెదురు తడకలు కడదాం."

కడదాం అన్నాడు. ఆ మాటను ఆమె మనసులో ఒకటికి రెండుసార్లు అనుకుంది. రేపు వెళ్లిపోయే మనిషి కూడా అలవాటు కొద్దీ అలా అంటాడని తనకు తాను సర్ది చెప్పుకుంది. సర్దుకోలేదు మనసు.

పొద్దు వాలుతోంది. ఎండ సూటిగా కళ్లల్లో పడుతుంటే ఆమె చెయ్యి అడ్డు పెట్టుకుంది. అతను మాట్లాడుతూనే రెండడుగులు పక్కకు జరిగి నిలబడ్డాడు. అతని నీడ ఆమె ముఖం మీద పడింది. సైటులో పని చేసే రోజుల్లో కూడా ఇలాగే జరిగేవాడు, తను జరుగుతున్నట్టు తనకే తెలియకుండా. ఇప్పుడూ తెలిసినట్టు లేదు. ఆమె చెయ్యి దించింది. ఈ మూడేళ్లూ కళ్లల్లో వత్తులు వేసుకుని ఎదురు చూసింది ఉత్తరం కోసం కాదు, క్షమాపణ కోసం కాదు. ఈ కాస్త నీడ కోసం.

"ఎందుకు వెళ్లావు?" అంది.

అతని మాట సగంలో ఆగిపోయింది. ఆమెను తేరిపార చూశాడు, తప్పు లెక్క చూసినట్టు.

"ఆ మాట నువ్వు నన్ను అడుగుతున్నావా?"

"నేను కాక ఎవరడుగుతారు?"

"అమ్మ..." అన్నాడు. ఆగాడు. "అమ్మ నీకేమీ చెప్పలేదా?"

"అత్తయ్యకేం తెలుసు పాపం? నీ పేరెత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది."

అతను పెన్సిలు జేబులోంచి తీసి, దాన్నే కాసేపు చూసి, మళ్లీ జేబులో పెట్టాడు. "ఆఫీసు మూసేస్తారు. పద" అన్నాడు. ఈసారి అతను వెనక నడిచాడు.

రిజిస్ట్రార్ గారు అప్పటికే బల్ల మీద కాగితాలు సర్దుకుంటున్నారు. అతను నోరు తెరిచేలోపు ఆమె అందుకుంది.

"ఇందాక నేను చెప్పింది తప్పండీ. ఇప్పుడు నీడ ఇవ్వాల్సిన చెట్లు వీరు పెట్టే వెళ్లారు. నేనే కొట్టించాను."

రిజిస్ట్రార్ గారి కళ్లజోడు మళ్లీ చేతిలోకి వచ్చింది. "మీరే? ఎందుకమ్మా?"

"డ్రాయింగ్‌లో లేవని" అన్నాడు చెట్లాయన, ఆమె జవాబు చెప్పకముందే. "డ్రాయింగ్‌లో వెయ్యనిది నేను. చెప్పి ఉండాల్సింది. వీరి తప్పు కాదు."

"నా తప్పే" అంది ఆమె.

"తప్పుల కోసం కొట్టుకునేవాళ్లను చూశాను గానీ నాది నాది అని లాక్కునేవాళ్లను ఇప్పుడే చూస్తున్నా" అన్నారు రిజిస్ట్రార్ గారు. "సరే, కమిటీకి నేను ఏం చెప్పాలి?"

అతను మోళ్ల సంగతి చెప్పాడు, పిలకల సంగతి, తడకల సంగతి. ఎంత పొద్దు వాలితే ఎండ ఎక్కడ పడుతుందో చేతులతో గాలిలో గీసి చూపించాడు. రిజిస్ట్రార్ గారు వింటున్నకొద్దీ ముందుకు వంగారు. ఆయనకు మాత్రం ఏసీల కరెంటు బిల్లు కట్టాలని ఉంటుందా? చివరికి కుర్చీలో వెనక్కి వాలి నిట్టూర్చారు.

"ఒక్క ఏడాది గడువు అడుగుతాను. ఇస్తారు, ఆ మాత్రం మాట నాకుంది. కానీ కమిటీ అడిగే మొదటి ప్రశ్న నాకు ఇప్పుడే వినిపిస్తోంది. మళ్లీ ఎవరో ఒకరు మిషను తోలితే? మళ్లీ ఎవరో ఒకరు కొట్టిస్తే? పెట్టిన మనిషి దగ్గరుండి చూసుకోవాలి. మీరు ఉంటారా? ఉంటానంటే రేపు మేస్త్రీలను ఆపుతాను. లేదంటే ఆపలేను."

చెట్లాయన నేల వైపు చూస్తున్నాడు. అక్కడ అతనికి ఉద్యోగం ఉంది, సగంలో ఉన్న పార్కు ఉంది. రిజిస్ట్రార్ గారు పిలిస్తే ఇక్కడికి ఒక్క పూట కోసమని వచ్చిన మనిషి. అతను కాదంటే తప్పు పట్టడానికి లేదు.

ఆమెకు ఒక్కటి తెలిసింది. వెళ్లిన రోజు అతన్ని తను ఆపలేదు. వరండాలో నిలబడి గేటు దాకా వెళ్లే వీపును చూసింది. ఆపితే ఆగేవాడేమో అన్న ఆలోచన అప్పటి నుంచీ ఆమె పక్కలోనే పడుకుంటోంది. ఇప్పుడూ ఊరుకుంటే ఇక జన్మలో దానితోనే పడుకోవాలి.

"ఉండు" అంది.

రిజిస్ట్రార్ గారి ముందే, ఆఫీసు గదిలో, నువ్వు అని.

"చెట్ల కోసం కాదు. కమిటీ ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా ఉండు. నువ్వు లేక నాకు బాగాలేదు. ఒక్క రోజూ బాగాలేదు."

రిజిస్ట్రార్ గారు బల్ల మీద నిండుగా ఉన్న నీళ్ల సీసాను చూసి, "నీళ్లు తాగొస్తానమ్మా" అని లేచి బయటికి వెళ్లిపోయారు. మంచివారని ముందే చెప్పాను కదా.

చెట్లాయన తలెత్తాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. కానీ ఆ కళ్లల్లో సంతోషం కన్నా ముందు ఇంకేదో వచ్చింది, భయంలాంటిది.

"ఇది నీ మాటేనా?"

"మరెవరి మాట?"

"నీ నోటితో నువ్వు అంటున్నావు. నీ తరఫున ఇంకెవరూ అనడం లేదు."

"ఏమిటా మాటలు? ఎదురుగా ఉన్నానుగా."

అతను అరచేత్తో ముఖం రుద్దుకున్నాడు, చాలాసేపు. "ఉంటాను. మేస్త్రీలను ఆపమని ఆయనతో చెబుతాను. ఇవాళ గెస్ట్ హౌసులో పడుకుంటాను, రేపు పొద్దున మోళ్ల దగ్గర ఉంటాను. నువ్వు మాత్రం ఇంటికి వెళ్లి అమ్మను ఒక్కటి అడుగు. నేను వెళ్లే ముందు రోజు నా దగ్గరికి ఒక మాట తెచ్చింది. ఆ మాట ఎవరిదో అడుగు."

"ఏం మాట?"

"అమ్మే చెప్పాలి. నేను చెబితే అమ్మా నేనూ, ఇద్దరిలో ఒకరిని నీకు లేకుండా చేసినవాణ్ణవుతాను."

క్వార్టర్స్ దాకా ఆమె ఎలా నడిచిందో ఆమెకే తెలీదు. కుంట పక్కనుంచి వెళ్లింది. అతను వచ్చాడు, ఉంటానన్నాడు, కిటికీలు మూయరు. గంతులేయాల్సిన కాళ్లు బరువుగా పడుతున్నాయి. ఏం మాట? అత్తయ్య తెచ్చిన మాట ఏమిటి? కొడుకు పేరెత్తితే వంటింట్లోకి వెళ్లేది ఏడుపు దాచుకోవడానికి అనుకుంది ఇన్నాళ్లూ. ఆవిడను దగ్గరికి తీసుకుని ఎన్నోసార్లు తనే ఓదార్చింది.

ఇంటి తలుపు తెరిచే ఉంది. ముందు గదిలో దీపం వేసి ఉంది. మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది, దిండు దాని మీద. అత్తగారు బయటికి వెళ్లేటప్పుడు కట్టుకునే మంచి చీరలో, కుర్చీ అంచున కూర్చుని ఉంది. కాళ్ల దగ్గర, ఈ ఇంటికి వచ్చిన రోజు తెచ్చుకున్న పెట్టె.

"తిన్నాడా వాడు?" అంది అత్తగారు.

మధ్యాహ్నం అడగని మాట ఇప్పుడు అడిగింది. స్కేలు మేడమ్ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"తెలీదత్తయ్యా. మిమ్మల్ని ఒకటి అడగమన్నాడు. వెళ్లే ముందు రోజు మీరు తెచ్చిన మాట ఎవరిదని."

అత్తగారు తల పంకించింది. ఎన్నాళ్లనుంచో రావాల్సిన బస్సు ఇప్పటికి వచ్చిందన్నట్టు ఉంది ఆ ముఖం.

"ఇవాళ కూడా వాడు నీకు చెప్పలేదన్నమాట. నన్ను కాపాడాడు, పిచ్చోడు." పెట్టె పిడి మీద చెయ్యి వేసి, మళ్లీ తీసి ఒళ్లో పెట్టుకుంది. "నువ్వు వాణ్ణి వద్దనుకుంటున్నావని, ఎదురుగా చెప్పలేక కుమిలిపోతున్నావని, నీ మీద ఏమాత్రం ప్రేమున్నా ఒక్క మాట కూడా అడక్కుండా వెళ్లిపొమ్మని వాడికి చెప్పాను. అది నీ మాటేనని ఒట్టేసి చెప్పాను. నువ్వు ఎప్పుడూ అనలేదు, అమ్మాయ్. ఆ మాట నాది."